లావు అక్షరాలు

ఆ ఫాంటుకి తయారుచేసినవాళ్లు పెట్టిన పేరేదో ఉండేది. మా ఆఫీసులో మాత్రం అందరం దాన్ని ‘బండ’ అనేవాళ్లం. అసలే లావు అక్షరం, దాని చుట్టూ నేను ఇంకో గీత వేసి, అడ్డంగా కాస్త సాగదీసి మరింత లావు చేసేదాన్ని. ఒక్కోసారి ‘థ’లో చుక్క పూడిపోయేది, ఒత్తులు పై అక్షరానికి అతుక్కుపోయేవి. చదవడానికి ఇబ్బందే. కానీ దిల్‌సుఖ్‌నగర్ బస్టాపులో తాడుకి వేలాడే పేపరు రోడ్డు అవతలివాళ్లకి కనబడాలంటే అలాంటిదే కావాలి.

మాది నాలుగు పేజీల సాయంత్రం పేపరు. బస్ డిపో దగ్గర ఒక మిఠాయి కొట్టు మీద గదిలో తయారయ్యేది. మధ్యాహ్నం ఒంటిగంటకల్లా అచ్చుకి పోయి, మూడు దాటేసరికి రోడ్డెక్కేది. కంప్యూటర్ మీద పేజీలు పెట్టేది నేనొక్కదాన్నే. మా ఎడిటర్ గారిది నల్గొండ వైపు. మనిషి మెతక, ఏ విషయంలోనూ గట్టిగా మాట్లాడరు, ఒక్క బండ విషయంలో తప్ప. మనిషి పోయిన వార్తకే అది వాడాలి. “గా బండ తీసినవంటే ఎవలో పోయినట్టు. ఉత్తగ తియ్యకు,” అనేవారు. ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం ఊపు మీదున్న రోజులవి. బండ తీయాల్సిన రోజులు చాలానే వచ్చాయి.

నేను కోస్తా నుంచి ఉద్యోగానికొచ్చి ఎల్బీనగర్ వెనక కాలనీలో ఒక గది కిరాయికి తీసుకున్నాను. ఇంటామె కొత్తపేటలో కూరగాయల బండి పెట్టేది. నల్గొండ పల్లె నుంచి భర్త పోయాక వచ్చి, ఒక్క కొడుకుని డిగ్రీ దాకా లాక్కొచ్చింది. నేను ఆమెని పెద్దమ్మా అనేదాన్ని. ఆమెకి చదువు రాదు. అయినా రోజూ సాయంత్రం నేను పేపరు తేగానే చేతులు తుడుచుకుని అందుకుని, మొదటి పేజీ మీద అరచేయి పెట్టి చూసేది.

ఒకరోజు అడిగింది. “బిడ్డా, గీ అక్షరాలు కొన్ని దినాలు సన్నగుంటయి, కొన్ని దినాలు గింత లావుంటయి. ఎందుకట్ల?”

నేను బియ్యం ఏరుకుంటూ, తల కూడా ఎత్తకుండా చెప్పాను. “లావుంటే ఎవరో చనిపోయినట్టు పెద్దమ్మా. మా ఆఫీసులో అంతే.”

అంతే, ఆమె దాన్ని పట్టేసుకుంది. ఆ తర్వాత రోజూ పేపరు చూసి, “ఇయ్యాల లావు లేదు, మంచిదే,” అని మడిచి ఇచ్చేసేది. లావు ఉన్న రోజు పక్కన ఫొటో చూసి, “ఏ తల్లి కన్నదో,” అని కాసేపు అక్కడే కూర్చునేది. అప్పుడే ఆమె చూపు గేటు వైపు పోయేది. కొడుకు రోజూ ఊరేగింపులకి పోతున్నాడు మరి. వాడు ఇంటికొచ్చేదాకా ఆమె అన్నం ముట్టదు.

ఆ రోజు బంద్. బస్సులు లేవు, ఆటోలు లేవు, నేను ఆఫీసుకి నడిచే వెళ్లాను. పదకొండింటికి మా ఫొటోగ్రాఫర్ స్కూటర్ మీద వచ్చి ఫొటోలు నా ముందు పెట్టాడు. ఎల్బీనగర్ చౌరస్తాలో రాస్తారోకో, విద్యార్థుల్ని పోలీసులు ఎత్తి వ్యానులో వేస్తున్నారు. మూడో ఫొటో చూసి కుర్చీలోంచి లేచాను. మా పెద్దమ్మ కొడుకు. నలుగురు పోలీసులు కాళ్లూ చేతులూ పట్టుకుని మోస్తున్నారు. ఎండకి కళ్లు మూసుకున్నాడు, తల వెనక్కి వాలిపోయింది.

“వీడికేమైంది?” అన్నాను.

“ఏం గాలే. వ్యానులెక్కినంక నాకు చెయ్యి ఊపిండు,” అన్నాడు ఫొటోగ్రాఫర్.

నాకు గర్వం ముంచుకొచ్చింది. మా ఇంటి పిల్లాడు మొదటి పేజీలో. మొహం పెద్దగా రావాలని ఫొటో కత్తిరించాను. పోలీసుల తలలు, టోపీలు, వెనకనున్న వ్యాను అన్నీ పోయాయి. పట్టుకున్న చేతులు, వాలిన తల మిగిలాయి. పైన ‘విద్యార్థుల అరెస్టు’ అని బండలో పెట్టాను.

ఎడిటర్ గారు చూసి, “అరెస్టుకు మామూలు బోల్డ్ సాలు గదమ్మా,” అన్నారు.

నాకు కోపం నషాళానికెక్కింది. నా కోపం ఎప్పుడూ అంతే, ముందు నోరు లేస్తుంది, బుర్ర తర్వాత వస్తుంది. “చస్తేనే పెద్దక్షరాలా సార్? బతికుండి కొట్లాడేవాళ్లకి అక్కర్లేదా? అవతలి పేపరువాళ్లు ఇదే ఫొటోకి ఎంత లావు పెడతారో చూడండి,” అన్నాను. ఆయన కళ్లజోడు తీసి మొహం తుడుచుకుని, “నీ ఇష్టం,” అని వెళ్లిపోయారు. గెలిచానని నేను టీ తెప్పించుకున్నాను.

మూడున్నరకి ఒక పేపరు చేతపట్టుకుని కొత్తపేట నడిచాను. పెద్దమ్మకి నేనే చూపించాలి, నేనే చదివి వినిపించాలి. దారంతా అదే ఊహ. తీరా వెళ్లేసరికి ఆమె బండి మీద గోనె పట్టా కప్పి ఉంది. పక్కన నిమ్మకాయలమ్మే ఆమె నన్ను చూసి లేచి నిలబడింది.

“మీ పేపరు ఇందాకనే ఒచ్చింది. సూసింది. మడిచి కొంగుల పెట్టుకున్నది, పట్టా కప్పి పోయింది.”

“ఎక్కడికి?”

“పెద్ద దవాఖానకు. పీనుగులన్నీ గాడికే తెస్తరంట గద. బస్సులు లేవు, నడిచే పోయింది.” తర్వాత నా మొహంలోకి చూసి, “కొడుకు పోయిండంట గద అమ్మా,” అంది.

పేపరు తెరిచి, మొదటిసారి, చదువు రానిదానిలా చూశాను. లావు అక్షరాలు. కింద ఎవరివో చేతులు మోసుకెళ్తున్న పిల్లాడు, మూసిన కళ్లు. నేనే చెప్పాను, లావుంటే చనిపోయినట్టని. నేనే పెట్టాను.

నా వెనక ఎవరో అన్నారు, “గా ఆంధ్రా పిల్లనే కావాలని ఏసినట్టుంది.” ఇంకో రోజైతే వెనక్కి తిరిగి నాలుగు దులిపేదాన్ని. ఆ రోజు తిరగలేదు.

ఫొటోగ్రాఫర్‌కి ఫోన్ చేశాను. అతను స్కూటర్ తెచ్చేలోపు పది నిమిషాలు ఆ గోనె పట్టా పట్టుకుని నిలబడ్డాను. మలక్‌పేట మీదుగా ఖాళీ రోడ్డు మీద పోతున్నంతసేపూ అతను ఒకటే మాట, “వాడు స్టేషన్ల ఉన్నడు మేడం, ఇందాకనే సూసొచ్చిన, బన్ను తింటున్నడు.” నాకు అది ఊరట ఇవ్వలేదు. వాడు బన్ను తింటున్నాడు, వాళ్లమ్మ వాడి శవం వెతుక్కుంటోంది.

శవాల గది బయట గచ్చు మీద కూర్చుని ఉంది. చెప్పుల్లేవు, ఎక్కడో పోయినట్టున్నాయి. ఒళ్లో మడిచిన పేపరు. నేను పక్కన కూలబడి, “పెద్దమ్మా, వాడికేం కాలేదు,” అన్నాను. ఆమె నా వైపు చూడలేదు.

“లోపటికి పోనియ్యలే. పేరు జెప్పమన్నరు. జెప్పలేదు నేను. జెప్తే రాసుకుంటరు గద.”

“దారిలో ఎవర్నైనా అడిగి చదివించుకోలేకపోయావా?”

“అడిగితే జెప్తరు గద బిడ్డా,” అంది.

నేను ఆ పేపరు విప్పి, ఒక్కొక్క అక్షరం మీద ఆమె వేలు పెట్టించి చదివాను. విద్యార్థుల అరెస్టు. పోలీసులు పట్టుకెళ్లారంతే, స్టేషన్లో ఉన్నాడు. ఆమె వేలు లాక్కుంది. “మల్ల లావెందుకున్నది? నువ్వే జెప్తివి గద.”

“నేనే పెట్టాను పెద్దమ్మా. నాదే తప్పు. అందరికీ కనబడాలని పెట్టాను.”

అప్పుడు చూసింది నా వైపు. “కనబడ్డది,” అంది.

అక్కణ్ణుంచి ఆమెని నేరుగా స్టేషన్‌కి తీసుకెళ్లాం. కిటికీ ఊచల్లోంచి వాడు నవ్వుతూ చెయ్యి బయటపెట్టాడు. ఆమె ఆ చేతిని సొరకాయ లేతదో ముదురుదో చూసినట్టు మణికట్టు నుంచి భుజం దాకా నొక్కి నొక్కి చూసింది. వాడికేం అర్థం కాలేదు. “అమ్మా, నా ఫొటో పడ్డదంట గద,” అన్నాడు సంబరంగా. నేను గోడ వైపు తిరిగి ఏడ్చాను.

ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. ఇల్లు ఖాళీ చేయమంటుందేమో అని చూశాను, అదీ అనలేదు. ఎప్పటిలాగే కూర గిన్నెలో వేసి ఇచ్చేది. కానీ నేను తెచ్చిన పేపరు మళ్లీ ముట్టుకోలేదు. తిడితే బాగుండునని ఎన్నిసార్లు అనుకున్నానో.

రాష్ట్రం ఖాయమైన రోజు మా ఆఫీసులో కాలు పెట్టే సందు లేదు. కింద రోడ్డు మీద డప్పులు, రంగులు. ఎడిటర్ గారు నా వెనక నిలబడి, కళ్లలో నీళ్లతో, “ఇయ్యాల బండ తియ్యమ్మా. నేనే జెప్తున్న,” అన్నారు.

నా చేయి మౌస్ మీద ఆగిపోయింది. ఒక్క నిమిషం సార్ అని లేచి, మెట్ల మీదికి వెళ్లి ఇంటికి ఫోన్ చేశాను. అప్పటికి ఆమెకి సెల్లు కొనిపెట్టాడు కొడుకు.

“పెద్దమ్మా, ఈ రోజు పేపర్లో లావు అక్షరాలు వస్తాయి.”

“ఎవలు పోయిన్రు?”

“ఎవరూ పోలేదు. రాష్ట్రం వచ్చింది. అందుకే లావు. నువ్వు భయపడతావని ముందే చెప్తున్నాను.”

ఫోన్ కింద పెట్టిన చప్పుడు, చెప్పుల్లేని అడుగులు లోపలికి పోయిన చప్పుడు వినబడ్డాయి. కాసేపటికి తిరిగొచ్చింది.

“మావోడు ఇంట్లనే ఉన్నడు. అన్నం తింటున్నడు,” అంది. “ఇగ ఏస్కో బిడ్డా.”