మార్తను అడిగిన ప్రశ్న

కోపం ఇంకా తగ్గలేదు, అందుకే రాస్తున్నాను. ఈ సాయంత్రం వన్ టౌన్‌లో ఒక సాహిత్య సభకు వెళ్లాను. వందల ఏళ్ల కిందట ఓ జపాన్ కవి కాలినడకన తిరుగుతూ, దారి పొడవునా చిన్న చిన్న కవితలతో రాసుకున్న డైరీ గురించి ఆ సభ. అధ్యక్షుడుగారు ఆయన్ని ఆకాశానికెత్తేశారు. "ఇల్లు వదిలినవాడే కవండీ" అన్నారు.

తర్వాత నా స్నేహితురాలు మార్త వంతు వచ్చింది. పటమటలో తెలుగు టీచరు. ఆ డైరీ చదివి, దసరా సెలవుల్లో కాలవ గట్టు వెంట కూచిపూడి దాకా ఒంటరిగా నడిచి కవితలు రాసింది. తను నోరు తెరవకముందే అధ్యక్షుడుగారు మైకు లాక్కున్నారు.

"ఒక్కరే వెళ్లారా మేడమ్? మీవారు ఎలా పంపించారండీ?"

హాల్లో అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఆ కవిగారిని ఎవరు పంపించారో మీరు అడగలేదే సార్?" అంది మార్త.

"అబ్బే, సరదాకన్నానమ్మా. టైమైపోతోంది, ఒక్కటి చదివేయండి."

మార్త ఆయన చేతిలోంచి మైకు తీసుకుని అన్నీ చదివింది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

వచ్చే ఆదివారం తనూ నేనూ కూచిపూడి నుంచి సముద్రం వైపు నడుస్తున్నాం. మీలో ఎవరొస్తారు? ఇంట్లో పర్మిషన్ అడిగే రండి, ముఖ్యంగా మగవాళ్లు.