జాడీ మోత

నీలం జాడీ పగిలిందని ఆంజనేయప్రసాద్, లేదని అమ్మే తెల్లామె. అమెరికాలో, క్యారీ ఊళ్లో ఎవరిదో ఇల్లు ఖాళీ చేసి సామాను అమ్ముతున్నచోట వాళ్లిద్దరూ వాదించుకుంటుంటే, అతని ఇంట్లోనే ఉండే వదిన మాణిక్యమ్మ పక్కన నిలబడి చూసింది. చివరికి అతను జాడీని అరచేతిలో నిలబెట్టి వేలి కణుపుతో తట్టాడు. ఓటికుండలా మోగింది. తెల్లామె మూతి ముడుచుకుని, పగిలిందని చీటీ రాసి అంటించింది. అక్షరం రాకపోయినా కుండ మోతలో మాణిక్యమ్మకు తెలియనిది లేదు. ఫర్వాలేదు, మా మరిదికి చెవుంది అనుకుంది.

ప్రతి శనివారం పొద్దున్నే ఇలాంటి అమ్మకాలకి కారేసుకుని వెళ్తాడు. డెన్మార్క్, స్వీడన్ కుమ్మరులు డెబ్బై ఏళ్ల కిందట కాల్చిన జాడీలూ గిన్నెలూ తెచ్చి, బోర్లించి అడుగున గీసిన సంతకం చదివి, పసిబిడ్డకు పోసినట్టు గోరువెచ్చటి నీళ్లు పోసి, తుడిచి అల్మరాలో పెడతాడు. ఒక్కదాంట్లోనూ చిటికెడు ఉప్పయినా పోయనివ్వడు.

“బూడిదరంగు గిన్నెలకి ఇంత భోగమేమిటయ్యా!”

“ఆ గ్లేజ్ పూత చూడు వదినా, వాన వచ్చేముందు ఆకాశంలా లేదూ?”

“మా ఊళ్లో ఆవకాయ జాడీ కూడా అలాగే ఉండేది.”

అతను హాయిగా నవ్వేస్తాడు.

మొన్న తెచ్చిన గోధుమరంగు కూజాలో నీళ్లు పోస్తే బల్లంతా తడిసింది.

“తట్టి చూడలేదుటయ్యా?”

“చూశాను వదినా. బాగానే వినిపించింది.” ఈమధ్యే చెవికి పెట్టించుకున్న వినికిడి మిషన్ తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. “ఇది పెట్టుకున్నప్పటి నుంచీ అన్నీ ఒకేలా మోగుతున్నాయి.”

ఎకసెక్కం మానేసి మాణిక్యమ్మ గుడ్డతో బల్ల తుడిచింది.

“ఈ శనివారం నుంచి ప్రతిసారీ నాతో రా వదినా,” అన్నాడు. “నేను తడతాను. నువ్వు విని చెప్పు.”