గాలికి దోవ

దయ్యాలున్నాయంటే నమ్మే రకాన్ని కాదు నేను. తిరుపతిలో శిల్పం చదువుకునే రోజుల్లో, హాస్టల్లో ఏదో తిరుగుతోందని అందరూ వదిలేసిన గదిని అడిగి మరీ తీసుకున్నాను. ఆ గదికి గాలి బాగా వచ్చేది. రెండేళ్ళు హాయిగా నిద్రపోయాను.

ఇప్పుడు పలమనేరులో షెడ్డు అద్దెకు తీసుకుని మట్టిబొమ్మలు చేసి కాలుస్తున్నాను. గుడి స్తంభాల మీది పాత శిల్పాలను ఈ కాలపు మనుషులుగా మార్చడం నా పని. ఆ మధ్య సాలభంజికను చేద్దామని గీసుకున్నాను. అదే, చెట్టుకొమ్మ పట్టుకుని నడుం వంచి నిలబడే అమ్మాయి. నా అమ్మాయి కొమ్మకు బదులు బస్సులో పైకమ్మీ పట్టుకుంటుంది. భుజాన బ్యాగు, అందులో టిఫిన్ డబ్బా.

అది చూసి మునసామి తాత, "బస్సులో నిలబడితే రంభకైనా సెమట పడతాది గదా పాపా," అన్నాడు. నాకు మట్టి పని నేర్పింది ఆయనే. కాలేజీ ఇచ్చింది పట్టా మాత్రమే.

తాతకు ఒక చాదస్తం ఉండేది. లోపల డొల్లగా ఉన్న బొమ్మకు ఎక్కడో ఒక చిల్లు ఉండాలి. లేకపోతే బట్టీలో ఆవిరి పోయే దారిలేక పగిలిపోతుంది. ఆ సంగతి నాకూ తెలుసు. అయినా బట్టీ తలుపు మూసే ప్రతిసారీ "గాలికి దోవ ఇడిసినావా?" అని అడిగేవాడు. నేను విసుక్కునేదాన్ని. తనైతే పచ్చిమట్టి మీద, జడ కింద, మెడ వెనక బొటనవేలు గుచ్చేవాడు. ఎప్పుడో సుత్తి దెబ్బకు ఆ గోరు నిలువునా చీలింది. అందుకే ఆయన పెట్టిన చిల్లు అంచున రెండు చిన్న గీతలు పడేవి.

నేను బొమ్మ మొదలుపెట్టకముందే తాత పోయాడు. కర్మలన్నీ అయ్యాక ఆయన భార్య రాజమ్మవ్వ తడిగోనెలో చుట్టిన మట్టి తెచ్చి ఇచ్చింది. నాకోసం ఆయన చివరిసారి తొక్కిపెట్టిన మట్టి. సరిగ్గా ఒక్క బొమ్మకు వస్తుంది.

ప్రాణం పెట్టి చేశాను. ఆరడానికి మూడు వారాలు పట్టింది. షెడ్డు తాళం నా దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా లేదు. నాలుగు వైపులా ఫోన్‌తో ఫోటోలు తీసి, బట్టీలో పెట్టి, పొద్దున్నే గ్యాస్ వెలిగించాను.

మధ్యాహ్నం అన్నం కలుపుకుంటుంటే గుర్తొచ్చింది. చిల్లు పెట్టలేదు. అడిగే మనిషి లేడు, నేను మరిచిపోయాను.

వెనకవైపు తీసిన ఫోటో పెద్దది చేసి చూశాను. జడ కింద మెడ స్పష్టంగా కనిపిస్తోంది, నున్నగా ఉంది. బట్టీ అప్పటికే ఎర్రబడింది, తెరవడానికి లేదు. తాత చివరి మట్టిని చేజేతులా పెంకులు చేసుకున్నానని ఏడుపొచ్చింది. రాజమ్మవ్వకు ఫోన్ చేసి తప్పు ఒప్పుకున్నాను. ఆమె వచ్చి పక్కన కూర్చుంది. పగిలే చప్పుడు ఎప్పుడొస్తుందా అని సాయంత్రం దాకా చెవులప్పగించి కూర్చున్నాం. రాలేదు.

రెండోరోజు చల్లారాక ఇద్దరం తలుపు తీశాం. ఎక్కడా వెంట్రుకంత బీట లేకుండా బొమ్మ నిలబడి ఉంది. వెనక్కి తిప్పాను. జడ కింద చిల్లు ఉంది. అంచున రెండు గీతలున్నాయి.

ఒళ్ళు జలదరించింది. భయం కాదు. హారతి వెలుగులో స్వామి ముఖం కనబడ్డప్పుడు ఎలా ఉంటుందో అలా ఉంది. తెలియకుండానే చేతులు జోడించాను.

ఎండిన మట్టిలో వేలు దిగదు, మట్టే విరుగుతుంది. ఇది పచ్చిమట్టిలో గుచ్చినంత నున్నగా ఉంది. కాలితే మట్టి కుంచించుకుపోతుంది కాబట్టి చిల్లూ చిన్నదవ్వాలి. అయినా ఇది తాత వేలంత ఉంది, నా బొటనవేలు అందులో వదులుగా తిరిగింది.

రాజమ్మవ్వ ఆ గీతలను చాలాసేపు తడిమింది. "బతికినన్నాళ్ళూ అడిగడిగి నీ ప్రాణం తీసినాడు. ఈసారి అడగనే లేదు సూడు," అనింది.

ఆ ఫోటో ఇంకా నా ఫోన్లో ఉంది, బొమ్మ షెడ్డులో ఉంది. రెంటి మధ్యా ఏం జరిగిందో ఎంత ఆలోచించినా నాకు అంతుపట్టలేదు. ఇప్పుడు మాత్రం ప్రతి బొమ్మకూ చిల్లు నేనే మరిచిపోకుండా పెడుతున్నాను. ఆయన్ని ఇంకోసారి ఆ మంటలోకి రప్పించడం నాకిష్టం లేదు.