తిండి మాది, గూడు వాళ్ళది

మద్దిలపాలెంలో మా ఎదురు ఫ్లాట్ సుజాత ఇవాళ పొద్దున్నే ఫోటో పంపింది. వాళ్ళ ఏసీ పైపు కన్నంలోంచి పిచ్చుక పిల్లలు నోళ్ళు తెరిచి చూస్తున్నాయి. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఉక్కునగరం క్వార్టర్స్‌లో పెరిగినవాళ్ళు మీరే చెప్పండి, కొత్త ధాన్యం రోజుల్లో పిచ్చుకలకని గుమ్మానికి వరికంకులు కట్టేవాళ్ళం కదా? మా అమ్మ వాటిని జడలా అల్లేది. చలికాలమంతా ఇల్లు ఆ పచ్చిగడ్డి వాసనే. ఎండల్లో కోయిల కూసే వేళకి మట్టిమూకుడులో నీళ్ళు పెట్టేదీ మేమే. తీరా వానలు పడ్డాక పిచ్చుకలు గూడు కట్టింది ఎక్కడనుకున్నారు? అప్పుడూ మా పక్కింటిదే అయిన ఈ సుజాత వాళ్ళ మూతలేని మీటరు పెట్టెలో! మా నాన్నేమో దోమలు రాకుండా ఇంట్లో ఉన్న ప్రతి కన్నానికీ జాలీ బిగించేశారు.

"ఏటే ఇది, తిండి మనింట్లోన, కాపరం ఆళ్ళింట్లోనా?" అని అమ్మ నడుం మీద చేయి వేసుకుని అడిగేది. సుజాత మాత్రం "మా పిచ్చుకలు" అనేది. మా కంకులు తిని బతికే పిచ్చుకలు!

ఈసారి వదలకూడదని బాల్కనీలో చెక్క గూడు తగిలించి, ఊరి నుంచి కంకులు తెప్పించి కట్టాను. గింజ మిగల్లేదు. గూట్లోకి ఒక్క పిచ్చుకా తొంగిచూడలేదు.

ఫోటో వెనకే సుజాత వాయిస్ మెసేజ్ కూడా వచ్చింది. "నీ కంకులు అయిపోనాయే. మళ్ళా కట్టవేటే? నా పిల్లలు ఆకలికి అరస్తన్నాయి."

కట్టాను. ఏం చేస్తాను?