అమ్మ నెయిల్ కట్టర్

ఆదివారం ఆరాధన ముగియగానే అమ్మ అమీర్‌పేట నుంచి పంజాగుట్టలోని ఓ ఆసుపత్రికి వెళ్లి, తోడెవరూ లేని రోగులకు గోళ్లు తీసేది. భోజనం ఆలస్యమవుతోందని నేను విసుక్కుంటే, "ప్రభువు శిష్యుల కాళ్లే కడిగాడు కదమ్మా" అనేది.

అమ్మ పోయిన నెలకు, ఆమె నెయిల్ కట్టర్ వార్డు ఆయమ్మకు ఇచ్చేద్దామని వెళ్లాను.

"నాకు టైమ్ యాడుంది? గా తాతకు జర నువ్వే తియ్యమ్మా" అందామె.

ఆయన బోరబండ నుంచి వచ్చిన తాపీమేస్త్రి. కుడిచేతికి పిండికట్టు ఉంది. ఎడమచేతి గోళ్లు రాయిలా ఉన్నాయి. గట్టిగా నొక్కేసరికి చర్మం తెగి దుప్పటి మీద రక్తం పడింది. వార్డంతా నన్నే చూస్తోంది. సిగ్గుతో లేచి సంచి తీసుకున్నాను.

ఆయమ్మ ఆయన వేలికి దూది అద్దుతూ, "మీ అమ్మ సుత మొదటిరోజు గిట్లనే కోసింది. ఏడ్చుకుంట పోయింది. మళ్ల ఆదివారం వచ్చింది" అంది.

ఆ సంగతి అమ్మ నాకెన్నడూ చెప్పలేదు. నేను నిలబడిపోయాను. తాత పిండికట్టులోంచి బయటికున్న వేళ్లను మెల్లగా నా ముందుకు చాపాడు.

"గివి సుత తియ్యి బిడ్డా. జర నిమ్మళంగ."

ఇప్పుడు మా ఇంట్లో ఆదివారం భోజనం నా వల్లే ఆలస్యమవుతోంది. మా అమ్మాయి విసుక్కుంటోంది. నేనూ అలాగే విసుక్కునేదాన్నని చెప్పాను.