మంచం పక్కన అప్పగింతలు

చదువు నన్ను ఏడో తరగతిలోనే వదిలేసింది; మోకాళ్ళు మాత్రం పాపం ఇన్నేళ్ళు ఓపిక పట్టి, పోయిన నెలలో వదిలేశాయి. అందుకని నంద్యాలలో ఒక పెద్ద ఆసుపత్రిలో చేరాను. పొద్దున డ్యూటీ మారింది. రాత్రి ఉన్న నర్సమ్మ సంచీ తగిలించుకుని వెళ్ళిపోయింది, కొత్తామె వచ్చి కంప్యూటరులోంచి తలెత్తకుండా నీకేం కష్టమని అడిగింది. కాన్పుకొచ్చాను తల్లీ అన్నాను. ఎన్నో నెల అంది. పక్క మంచమాయన కుట్లు పట్టుకుని నవ్వాడు. నా పొట్ట చూసినవాళ్ళెవరికైనా ఆ ప్రశ్న సబబుగానే తోస్తుంది గనుక నేనూ నవ్వాను గానీ, నవ్వయ్యాక మనసు బరువెక్కింది. ఆ పిల్లది తప్పని అనను. వెళ్ళినామె నా గురించి ఈమెకు ఒక్క ముక్కయినా చెప్పి వెళ్ళలేదు, అంతే.

నా ఈడువాళ్ళకు చిన్న ఊళ్ళ నర్సింగ్ హోములు గుర్తుండే ఉంటాయి. ఆళ్ళగడ్డలో ఒక డాక్టరమ్మ నడిపే నర్సింగ్ హోములో నేను స్ట్రెచర్ తోసేవాణ్ణి. మా వదిన అక్కడే నర్సు. మా అన్న పోయాక పిల్లల చదువు, ఇంట్లో పొయ్యి, చివరికి నా బీడీలు కూడా ఆమె జీతం మీదే నడిచేవి. ఊరికే తిరుగుతున్న నన్ను తీసుకుపోయి ఆ పనిలో పెట్టించిందీ ఆమే.

డాక్టరమ్మకు ఒక పద్ధతి ఉండేది. డ్యూటీ మారే వేళకు రాత్రి నర్సు పగటి నర్సు చెయ్యి పట్టుకుని ప్రతి మంచం దగ్గరికీ తీసుకుపోవాలి. ఏ మందు పడింది, ఏది పడలేదు, రాత్రి ఎవరు నిద్రపోలేదు, ఇవన్నీ రోగి వింటుండగానే చెప్పాలి. చెప్పడం అయ్యాక, ఇంకేమన్నా మరిచిపోయిందా అని రోగిని అడగాలి. రోగి తల ఊపితేనే పక్క మంచానికి కదలాలి. ప్యాపిలి నుంచి వచ్చిన ఒక ముసలామె, తన కోడలు చూడడానికి రాలేదన్న సంగతి కూడా అందులో కలపాలని పట్టుబట్టేది. నర్సులు అదీ చెప్పేవాళ్ళు. ఇదంతా ముగిసేదాకా ఎవరూ చెప్పులు వేసుకోకూడదు. డాక్టరమ్మ గుమ్మం దగ్గర రాగిజావ గ్లాసు పట్టుకుని నిలబడేది, ఒక్క మాటా మాట్లాడేది కాదు. నేను దానికి అప్పగింతలని పేరు పెట్టాను, పెళ్ళికూతుర్ని అత్తగారి చేతిలో పెట్టినట్టుందని. అది ఆమె చెవిన పడింది. ఉద్యోగం పోయిందనుకున్నాను.

"అప్పగింతలేనప్పా. ఈడ ఏడ్సేది లేదు, అంతే తేడా" అంది.

తాను పెళ్ళికో పేరంటానికో ఊరు దాటాల్సి వస్తే, చిన్న డాక్టరుకు ఎలా ఒప్పజెప్పేదో నేల తుడిచే ఆమెకూ అలాగే ఒప్పజెప్పేది, "ఈమె లేస్తే కండ్లు తిరుగుతాయి, ఈడ తడిగా ఉంచాకు" అని. పెద్దరికం అంటే అరవడమని అప్పటిదాకా అనుకునేవాణ్ణి. మా నాయన దగ్గర నేర్చుకున్నది అదొక్కటే మరి.

వయసు మీదపడి, చేతులు వణకడం మొదలయ్యాక ఆమె నర్సింగ్ హోమును నంద్యాలలో ఒక ఆసుపత్రి వాళ్ళకు ఇచ్చేసింది. కొన్నాళ్ళకు వాళ్ళు ఆళ్ళగడ్డలో తలుపులు మూసి, మమ్మల్ని నంద్యాలకు మార్చారు. అక్కడి మేనేజరు సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసి వచ్చినవాడు. అబద్ధమెందుకు, మంచివాడే. వరండాలు అద్దంలా ఉంచాడు, అందరికీ యూనిఫారాలు కుట్టించాడు, ఆయమ్మలను కూడా మేడం అనేవాడు. గేటు దగ్గర గోడకు వేలిముద్ర మిషను పెట్టించాడు. వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ వేళకు వేలు పెట్టకపోతే పేరు పక్కన ఎర్ర గీత పడేది, గీతలు ఎక్కువైతే పిలుపొచ్చేది. ఫ్యాక్టరీలో ఆ లెక్క చక్కగా కుదురుతుంది; సిమెంటు బస్తాను ఎవరు ఎత్తినా, ఎవరు దించినా, రాత్రి తనకెలా ఉందో అది ఎవరికీ చెప్పుకోదు కదా.

అప్పగింతలు ముందు మంచం దగ్గర్నుంచి టేబులు దగ్గరికి వచ్చాయి, టేబులు దగ్గర్నుంచి మెట్ల మీదికి వచ్చాయి. పైకెక్కే ఆమెకు దిగే ఆమె, కిటికీ పక్కనామెకు రక్తం ఎక్కుతాందని ఒక కేక వేసి పరుగెత్తేది. కొన్నాళ్ళకు ఆ కేకా ఆగిపోయింది.

గడివేముల నుంచి ఒక పెద్దామె చక్కెర జబ్బుతో చేరింది. ఆ పొద్దున టిఫినుకు ముందు వెయ్యాల్సిన ఇన్సులిన్ సూదిని మా వదిన వేసేసింది. కేస్ షీటు బీమా లెక్కల కోసం కింది ఆఫీసుకు పోయి ఉంది, సూది వేసినట్టు రాయడానికి లేదు. వదిన ఆమె మంచం పక్కనే నిలబడి పగటి నర్సు కోసం చూసింది. పగటి నర్సేమో మిషను ముందు వరసలో ఇరుక్కుపోయింది. వదిన పేరు పక్కన అప్పటికే ఎర్ర గీతలున్నాయి. ఇంక నిలబడలేక దిగిపోయింది. గేటు దగ్గర గుంపులో వీళ్ళిద్దరూ ఒకరినొకరు చూసుకోనైనా లేదు. పైకొచ్చిన పగటి నర్సు, టిఫిను వేళ దాటిపోతోందని, ఆ పెద్దామెకు మళ్ళీ సూది వేసింది. పెద్ద ఆసుపత్రి కదా, ఇక్కడ ఇట్లే పొడుస్తారేమో అనుకుని ఆమె మారు మాట్లాడకుండా చెయ్యి చాపిందట. టిఫిను వచ్చేసరికి ఒళ్ళంతా చెమటలు పట్టి, కళ్ళు మూతలు పడ్డాయి. డాక్టర్లు కిందా మీదా పడి ప్రాణం నిలబెట్టారు. ఆమె కళ్ళు తెరిచాక కొడుకును లోపలికి పిలిచారు. వాణ్ణి చాలాసేపు చూసి, "ఎవురికోసం వచ్చినావప్పా?" అని అడిగింది. స్ట్రెచర్ పట్టుకుని పక్కనే ఉన్నాను. వాడు నా ముఖం చూశాడు. నేను వంగి స్ట్రెచర్ చక్రం సరిచేసుకున్నాను.

తరవాత మీటింగు పెట్టారు. డాక్టర్లు, నర్సులు, మేమంతా నిలబడ్డాం. పగటి నర్సు మూలన ఏడుస్తోంది. రోగిని ఒప్పజెప్పకుండా ఎవరు వెళ్ళిపోయారని మేనేజరు అడిగాడు. వదిన వెళ్ళిన వేళను మిషను ఉన్నదున్నట్టు చూపించింది. ఎందుకు వెళ్ళాల్సి వచ్చిందో చూపించే మిషను ఇంకా రాలేదు. ఎవరూ నోరు విప్పరు. నేనే విప్పాను.

"సార్, తప్పు చేసినోడు కింద గేటుకాడ గోడకు తగులుకోని ఉండాడు. పిలిస్తే రాడు సార్, మనమే పోయి వాని ముందర వేలు పెట్టాల."

గది గదంతా నవ్వింది. డాక్టర్లు నవ్వారు, మేనేజరు కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ నవ్వాడు, నువ్వు భలేవాడివని నన్ను మెచ్చుకున్నాడు. ఆ తరవాత మెత్తగానే, మేడం అంటూనే, మా వదినను రేపట్నుంచి రావద్దన్నాడు.

మరునాడు ఆమెను వెంటబెట్టుకుని ఆళ్ళగడ్డకు పోయాను, డాక్టరమ్మ చేత ఒక మాట చెప్పిద్దామని. ఆమె మంచంలో ఉంది. వదిన అంతా చెప్పింది. విని డాక్టరమ్మ లేచి దిండుకు ఆనుకుంది.

"మంచాలు ఒప్పజెప్తి, మిషన్లు ఒప్పజెప్తి, బీరువా తాళాలు గూడా ఆ మేనేజరు పిల్లోని చేతిలోనే పెడ్తి. మనకు ఇట్లా ఒక పద్ధతి ఉండాదని మాత్రం చెప్పకపోతిని. చెప్పాల్సిన పని లేదనుకుంటి" అంది.

మేనేజరుకు ఫోను చేయించి మాట్లాడింది. అతను మర్యాదగా విన్నాడు, పెద్దవారు మీరు అన్నాడు. వదిన ఉద్యోగం మాత్రం తిరిగి రాలేదు. ఆ కేసు పేరు వెంటబడి, ఊళ్ళో ఇంకెవరూ ఆమెను నర్సుగా పెట్టుకోలేదు. ఇంటి దగ్గర జాకెట్లు కుట్టి పిల్లల్ని ఒడ్డెక్కించింది.

ఇప్పుడు ఆసుపత్రులకు గాజు తలుపులొచ్చాయి, లిఫ్టులొచ్చాయి, మన ఒంట్లో ఏముందో చూపే తెరలు మంచం మంచానికీ వచ్చాయి. వద్దని నేననను, నా మోకాళ్ళను బాగుచేసిందీ అవే. కాకపోతే ఇంతమంది చేతులు నా మీదుగా పోయాయి గానీ, వీడు ఇంక నీవాడు, జాగ్రత్త అని ఒక చేతిని ఇంకో చేతిలో పెట్టినవాళ్ళు లేరు. అలా పెట్టించడానికి గుమ్మం దగ్గర నిలబడే మనిషి ఒకరుండాలి. ఆ మనిషి గుమ్మం వదిలిపోయిన రోజున ఏం పోయిందో మాలో ఎవరికీ తెలియలేదు.

వదినతో డాక్టరమ్మను చూసిన ఆ రోజు, తిరుగు ప్రయాణంలో ఆళ్ళగడ్డ బస్టాండులో బస్సు కోసం కూర్చున్నాం. వదిన ముఖం చూడలేక, ఏదో ఒకటి అనాలని, పోనీలే వదినా, నా దెబ్బకు ఆ మేనేజరు కూడా కళ్ళనీళ్ళు వచ్చేట్టు నవ్వినాడు, చూసినావా అన్నాను.

ఆమె రోడ్డు వైపే చూస్తూ అంది: "చూస్తి అబ్బీ. నువ్వు నోరు తెరిచేదాకా నన్ను పొమ్మనేకి ఆయప్పకు నోరు వస్తాండ్లేదు. నువ్వు నవ్విస్తివి, ఆయప్పకు మనసు తేలికాయె. తేలికైనాకనే గదా పొమ్మనింది."