వెనకవైపు ఆటో

నా ఉద్యోగం నిలబడింది. ఈ మాట ముందే చెప్పేస్తే గాని మిగతాది చెప్పడం నాకు చేతకాదు. నెలాఖరు దాటినప్పటి నుంచీ కనిపించిన వాళ్లందరికీ చెబుతూనే ఉన్నాను. కొందరు రెండోసారి కూడా విన్నారు పాపం.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేను. విజయనగరంలో ఒక కంటి ఆసుపత్రిలో పని. వచ్చినవాళ్ల పేరూ ఊరూ కంప్యూటర్లో ఎక్కించి లోపలికి పంపిస్తాను. పొద్దున్న రైలుకి వెళ్లి సాయంత్రం రైలుకి వస్తాను. రైలుతో నాకెప్పుడూ ఇబ్బంది లేదు. ఇబ్బందంతా రైలు దిగాకే.

మా స్టేషను చిన్నది. దాని ముఖం బజారు వైపు. మా ఊరేమో పట్టాలకి అవతల, వెనకవైపు. ఆటోలన్నీ బజారు వైపే ఆగుతాయి. అక్కణ్ణుంచి మా ఊరికి రావాలంటే చుట్టూ తిరిగి రైల్వే గేటు దాటాలి. మేం దిగిన రైలు కోసం వేసిన గేటుని, దాని వెనకాల వచ్చే గూడ్సు కూడా పోయేదాకా తీయరు. అందుకే మా ఊరి పేరు చెబితే ఆటోవాళ్లు మొహం తిప్పుకునేవారు. మగవాళ్లు అడ్డదారిన జీడితోటల్లోంచి చకచకా నడిచిపోయేవారు. ఆ దారిలో ఒక్క దీపం ఉండదు.

వేసవిలో రైలు దిగేసరికి ఇంకా వెలుతురు ఉండేది కాబట్టి నేనూ నడిచేదాన్ని. పొద్దు కురచయ్యాక నాన్న సైకిలేసుకుని రావడం మొదలుపెట్టాడు. సరిగ్గా అది గేదె పాలు పితికే వేళ. మా గేదె నాన్న చేతికి తప్ప ఎవరికీ పాలివ్వదు. అమ్మ దగ్గరికి వెళితే తన్నేది. రైలు ఆలస్యమైన రోజు పాలూ ఆలస్యమే, పాలకొచ్చినవాళ్లు వేరే ఇంటికి పోయేవారు.

ఒకరోజు అన్నం తింటూ నాన్న అనేశాడు.

"ఈ నెలాకరు దాకా సూస్తాను. ఆ తరవాత మానీ. గేదెకేటి సెప్పమంటావు, రైలు లేటని సెప్పనా?"

"ఇంత సదివించి ఇంట్లో కూకోబెడతావేటి?" అంది అమ్మ.

"మరి సీకట్లో ఒక్కదాన్నీ నడిసి రమ్మంటావేటి?"

అమ్మ కూరగిన్నె నా వైపు జరిపింది.

అప్పటికే స్టేషనులో కాలిబ్రిడ్జిని మా వైపుకి కూడా పొడిగించారు. మెట్లు దిగితే ఆటో తిరిగేంత జాగా, మా ఊరిదాకా మట్టిరోడ్డు. గేటుతో పనే లేదు. కానీ అక్కడ ఆటో ఉండదు. మా ఊళ్లో ఆటో నడిపే ఆయన ఉన్నాడు, నాకు మావ వరస. ఆయన్ని అడిగాను.

"మావా, వెనకవైపు ఆటో పెట్టొచ్చు కదా?"

"పెడితే ఎవులెక్కుతారే? అందరూ ముందువైపే దిగతన్నారు."

దిగేవాళ్లని అడిగితే, "అటేపు ఆటో ఉంటే కదమ్మా దిగడానికి" అన్నారు. ఇద్దరి మాటా నిజమే.

దీనికి తోడు మా వాళ్లకి ఒక అలవాటు ఉంది. ఖాళీ ఆటోలో ఎవరూ మొదట ఎక్కరు. మొదట ఎక్కినవాళ్లు అది నిండేదాకా చెమటలు కక్కుతూ కూర్చోవాలి. అందుకని ఎవరి కోసమో చూస్తున్నట్టు దూరంగా నిలబడి, నలుగురు ఎక్కాక అప్పుడు పరిగెత్తుకొస్తారు. ఆ నలుగురు ఎక్కరు కాబట్టి ఆటో కదలదు. కొందరు డ్రైవర్లు తమ స్నేహితుల్నే లోపల కూర్చోబెట్టుకుని జనాన్ని పిలిచేవారు. అది తెలిశాక మనుషులున్న ఆటోని కూడా నమ్మడం మానేశారు.

నెలాఖరు దగ్గర పడుతోంది. ఒక సాయంత్రం లేడీస్ పెట్టెలో అటూ ఇటూ తిరిగి, పట్టాలవతలి ఊళ్లవాళ్లు ఎవరెవరున్నారో అడిగాను. విజయనగరంలో ఆకుకూరలమ్మి ఖాళీ బుట్టతో తిరిగొచ్చే అత్త ఉంది. కుట్టుపని నేర్చుకునేవాళ్లు ఉన్నారు. ఒక ఆటోకి సరిపోయాం. మా స్టేషనుకి ముందొచ్చే స్టేషను దాటగానే మావకి ఫోన్ చేశాను.

"మావా, ఆటో నిండా ఉన్నాం. వెనకవైపుకి వచ్చీ."

"నిజమేనేటి? నన్నక్కడికి రప్పించీసి, నువ్వు మీ అయ్య సైకిలెక్కి ఎలిపోతావేమో."

"నాన్నకి రావద్దని సెప్పీసినాను."

నిజంగానే చెప్పేశాను. ఆ ధైర్యం ఎక్కడిదో ఇప్పటికీ తెలీదు. ఈ ఆటో రాకపోతే ఆ చీకట్లో నడిచి ఇంటికి చేరాలి, చేరాక నాన్నకి ఇంకేమీ చెప్పడానికి ఉండదు.

బ్రిడ్జి ఎక్కి చూస్తే కింద ఆటో దీపం వెలుగుతోంది. గబగబా దిగాం. దిగి, నిలబడ్డాం. ఒకామె కొంగు సర్దుకుంటోంది. ఇద్దరు కరెంటు స్తంభం దగ్గరకి పోయారు. నేను ఫోన్ చూసుకుంటున్నాను. ఆటో మాకోసమే వచ్చింది, పిలిచింది మేమే, అయినా ఎవరో ఒకరు ముందు ఎక్కితే బాగుణ్ణని అందరం చూస్తున్నాం.

మావ తల బయటపెట్టి చూశాడు. వీళ్లెవరో ఇంటి నుంచి బళ్లొస్తాయని ఆగినవాళ్లనుకున్నాడు. చీకట్లో నన్ను పోల్చుకోలేదు. ఇంజను స్టార్టు చేశాడు.

అప్పుడు మెట్ల మీంచి అత్త గొంతు. బుట్టతో అందరికన్నా వెనకబడింది.

"ఒరే, ఆటో ఆపరా. ఏటలా నిలబడిపోనారే? ఆటోలోంచి పెళ్లికొడుకు దిగతాడని సూస్తన్నారేటి?"

ఒకళ్ల మొహాలొకళ్లం చూసుకుని ఫక్కున నవ్వేశాం. నవ్వుతూనే అందరం ఒక్కసారిగా ఎక్కబోయాం.

"ఇందాకా ఒక్కలూ ఎక్కనేదు, ఇప్పుడు నా ఒళ్లో కూకుంటారేటి" అన్నాడు మావ.

ఊరి మొదట్లో నాన్న సైకిలు పట్టుకుని నిలబడే ఉన్నాడు. నేను దిగుతుంటే నాకేసి చూడలేదు. ఆటోలో ఇంకా ఎవరెవరున్నారో వంగి చూశాడు. తర్వాత మావనడిగాడు.

"రేపూ వస్తావేటి?"

"ఫోనొస్తే వస్తాను బావా."

"రాకపోతేనో?"

"రాకపోతే నీ కూతురు నా పీక పట్టుకుంటాది."

నాన్న ఆ ఒక్కరోజుతో నమ్మలేదు. రోజూ ఊరి మొదటికి వచ్చి నిలబడేవాడు. ఒకరోజు పెద్ద వాన, రైలు బాగా ఆలస్యం. మావ పరదాలు దించుకుని మాకోసం అక్కడే ఉన్నాడు. ఆ తర్వాత నుంచి నాన్న వాకిట్లో నిలబడేవాడు. ఇప్పుడు రైల్లో మాకొక నియమం ఉంది: ముందు దిగినవాళ్లు ముందు ఎక్కాలి. రెండో ఆటో కూడా వస్తోంది. మావ గొణుగుతాడు గానీ, ఆ డ్రైవర్ని పిలిచింది మావే.

నెలాఖరు రోజు నేను ఇంటికొచ్చేసరికి వాకిట్లో ఎవరూ లేరు. గబగబా లోపలికి వెళితే టీవీ నడుస్తోంది, నాన్న మంచం మీద గురక పెడుతున్నాడు. నేను ఇల్లు చేరకుండా ఆయన నిద్రపోవడం ఈ ఏడాదిలో నేను చూడలేదు.

"లేపకే, పడుకోనీ" అంది అమ్మ గుసగుసగా.

చెప్పుల చప్పుడుకి ఆయనే కళ్లు తెరిచాడు.

"వచ్చీసినావేటి? ఇంకా రైలే రానేదనుకున్నాను."

నాకు ఆగలేదు. "నెలాకరు కదా నాన్నా" అన్నాను.

"అయితే?"

"ఉద్యోగం మానమన్నావు కదా."

"మానడమేటి. రేపు రైలుకి లెగవ్వా?" అని అటు తిరిగి పడుకున్నాడు.